2005 ఆక్టేవియా ఆర్ఎస్: సిగ్నల్ దగ్గర ఊగుతోంది, "స్స్" శబ్దం ఎక్కడిదో దొరకట్లేదు

కూకట్‌పల్లి_ఆర్ఎస్
1.8 టర్బో, 20 వాల్వులు, 1,38,000 కిలోమీటర్లు. నాన్నగారి బండి, ఇప్పుడు నా దగ్గరుంది. అమ్మే ఆలోచన లేదు, ఆ సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

మూడు నెలలుగా ఇదే గొడవ. వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు 650కి పడుతుంది, 1,000కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. సీటు కింద ఎవరో కూర్చుని ఊపుతున్నట్టుంటుంది. బానెట్ ఎత్తితే ఎక్కడో సన్నగా "స్స్" అని వినిపిస్తుంది. చెవి ఎటు పెట్టినా అటే అనిపిస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, కోడ్ పి1136.

చూపించిన చోట (పేరు వద్దు) మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) పోయిందన్నారు. 14 వేలు పెట్టి మార్పించాను. నాలుగో రోజుకి లైటు మళ్లీ వచ్చింది. ఇప్పుడు థ్రాటిల్ బాడీ (ఆ గాలికి తెరిచి మూసే తలుపు) మార్చమంటున్నారు. చెయ్యి ఆపుకుని ఇక్కడ అడుగుతున్నాను.

ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. ఒక్కోసారి బ్రేక్ పెడల్ గట్టిగా అయిపోతుంది.

గోదారోడు
థ్రాటిల్ బాడీ మార్చొద్దండి బాబూ. ముందు విప్పి క్లీన్ చేసి అడాప్టేషన్ (కంప్యూటర్‌కి దాని స్థానాలు మళ్లీ నేర్పించడం) చేయించండి. మా బావగారి బండికి అదే చేస్తే సరిపోయిందండి.

డీజిల్_దొర
ఇది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పనే. పాత బండ్లకు అది పడదు. నా దోస్తు కారుకు గూడ లీన్ కోడే వచ్చింది.

విశాఖ_టర్బో
పి1136 అంటే ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) మిశ్రమం పలచబడిందని (లీన్), కంప్యూటర్ పెట్రోల్ కలిపి కలిపి తన హద్దుకి చేరిందని. సెన్సర్ పోయిందని కాదు. లెక్కలోకి రాని గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. అంతవరకే ఆ కోడ్ చెప్పేది.

వీసీడీఎస్ కేబుల్ (బండి కంప్యూటర్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపేది) ఎవరి దగ్గరైనా దొరుకుతుందా? ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మెజరింగ్ బ్లాక్స్‌లో గ్రూప్ 032 చూసి రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు.

రబ్బరుగొట్టం
అన్నా, ఇరవై ఏండ్ల బండి. బానెట్ కింద రబ్బరు ఎప్పుడు మార్చినవ్? నాకు తెల్సి మార్చలే. అన్ని గొట్టాలు ఒక్కసారి మార్చేయ్, పీడ పోతది. రాణిగంజ్‌ల మా షాపుకు రా, మీటర్ల లెక్క కట్ చేసి ఇస్త.

విశాఖ_టర్బో
@రబ్బరుగొట్టం మార్చాల్సిన రోజు వస్తుంది, మీ దగ్గరికే వస్తారు. కానీ లీకు ఎక్కడుందో తెలియకుండా అన్నీ పీకితే, ఎండిపోయిన ప్లాస్టిక్ నిపుల్స్ రెండు మూడు విరుగుతాయి. ఉన్న లీకుకి కొత్తవి తోడవుతాయి.

అనంత_20వాల్వ్
నాదీ ఆర్ఎస్సే, 2004. విశాఖ అన్న చెప్పింది నిజం. అన్నీ ఒకేసారి పీకినోణ్ణి నేనే. పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌లోకి పంపే వాల్వు, గొట్టాలు) వై ముక్క చేతిలోకే వచ్చేసినాది, బండి పదకొండు దినాలు షెడ్డులోనే.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
కేబుల్ దొరికింది. గ్రూప్ 032: మొదటి గడి 9.4, రెండో గడి 1.6. రెండూ ప్లస్సే.

స్కానర్_సుధ
వర్క్‌షాపులో డయాగ్నస్టిక్స్ నా రోజువారీ పని, కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను.

మొదటి గడి ఐడిల్‌లో కంప్యూటర్ చేసుకున్న దిద్దుబాటు. రెండోది బండి కదులుతున్నప్పటిది. మీకు ఐడిల్‌లో 9.4, నడుస్తుంటే 1.6. అంటే కన్నం చిన్నది, అది థ్రాటిల్ తర్వాత ఉంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ. అందులో ఓ చిటికెడు దొంగగాలి కలిసినా వాటా పెద్దదవుతుంది. 3,000లో వెళ్తున్నప్పుడు గాలి ఎంతో ఎక్కువ, ఆ చిటికెడు లెక్కలోకే రాదు. మాఫ్ పోయినా పెట్రోల్ పంపు బలహీనపడినా రెండో గడి పెరిగేది. మీ 14 వేలు ఈ రెండు అంకెలు చూడకపోవడం వల్లే పోయాయి.

@డీజిల్_దొర గారూ, ఈ20 విషయంలో మీరన్నదాంట్లో కొంత నిజముంది. అసలు పెట్రోల్‌కి 14.7 పాళ్లు గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అందుకే కంప్యూటర్ ఎక్కువ పోయాలి, ట్రిమ్ (ఆ దిద్దుబాటు) పెరుగుతుంది. కానీ అది ఐడిల్‌తో ఆగదు, నడుస్తున్నప్పుడూ అంతే పెరుగుతుంది. ఇక్కడ రెండో గడి 1.6 దగ్గరే ఉంది కదా. దోషం ఈ20ది కాదు.

టర్బో బండిలో లీకు వెతకాలంటే గాలి వెళ్లే దారిని మూడు ముక్కలుగా చూడాలి. మాఫ్ నుంచి టర్బో నోటిదాకా ఉన్న గొట్టంలో ఎప్పుడూ పీల్చడమే. అక్కడ చీలిక ఉంటే దొంగగాలి ఎప్పుడూ వస్తుంది, బూస్టులో (టర్బో గాలిని ఒత్తి పంపుతున్నప్పుడు) ఇంకా ఎక్కువ. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చేది) మీదుగా థ్రాటిల్ దాకా బూస్టులో ఊదడం. అక్కడ చీలిక ఉంటే మాఫ్ లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది. కంప్యూటర్ ఆ గాలికి సరిపడా పెట్రోల్ పోసేసి ఉంటుంది కాబట్టి మిశ్రమం చిక్కబడి నల్లపొగ, పికప్ లేకపోవడం కనిపిస్తాయి. థ్రాటిల్ తర్వాత మేనిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచేది) ఉంది, అక్కడే తిరకాసు. ఐడిల్‌లో అది పీలుస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఊదుతుంది. ఒకే కన్నం రెండు వైపులా పనిచేస్తుంది. టర్బో లేని బండ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

ఇప్పుడు మీరు ఒకటి చెప్పాలి. బ్రేక్ పెడల్ గట్టిగా అవుతుందన్నారు. సరిగ్గా ఎప్పుడు?

కూకట్‌పల్లి_ఆర్ఎస్
మీరు అడిగాక గుర్తు చేసుకున్నాను. సిటీలో ఎప్పుడూ కాలేదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద లారీని దాటడానికి గట్టిగా తొక్కి, వెంటనే బ్రేక్ వేస్తే మొదటి నొక్కు రాయిలా ఉంటుంది. రెండుసార్లయింది. రెండోసారి ఇంట్లోవాళ్లు కూడా బండిలో ఉన్నారు.

స్కానర్_సుధ
ఆ బండిని ఇవాళ్టి నుంచి ఓఆర్ఆర్ మీదికి తీసుకెళ్లకండి. నిజంగా చెబుతున్నాను.

మేనిఫోల్డ్ నుంచి బ్రేక్ బూస్టర్‌కి (వాక్యూమ్‌తో పెడల్‌కి బలం అందించేది) వెళ్లే గొట్టంలో వన్‌వే వాల్వు ఉంటుంది. బూస్టర్‌లోని గాలిని మేనిఫోల్డ్ పీల్చుకోవాలి. మేనిఫోల్డ్‌లో బూస్టు ఉన్నప్పుడు ఆ గాలి వెనక్కి బూస్టర్‌లోకి పోకూడదు. ఆ వాల్వు పట్టు వదిలితే మీరు యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ బూస్టర్‌లో వాక్యూమ్ చచ్చిపోతుంది. లారీని దాటి బ్రేక్ మీద కాలు వేసే సమయానికి లోపల సాయం ఉండదు. టర్బో లేని బండిలో ఈ లక్షణం ఇలా రాదు.

అనంత_20వాల్వ్
అబ్బ, ఈ మాట నాకు రెండేండ్ల కిందట ఎవరైనా చెప్పింటే బ్రేక్ మాస్టర్ సిలిండర్ మార్చకుండా ఉండేవాణ్ణి.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
బండి ఇంట్లోనే పెట్టేశాను. వాల్వు పోయిందో లేదో విప్పకుండా తెలుసుకునే దారి ఉందా?

విశాఖ_టర్బో
ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు నొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్‌కి వాక్యూమ్ అందుతున్నట్టు. తర్వాత కాసేపు నడిపి ఆపేసి, ఐదు నిమిషాలాగి నొక్కండి. మొదటి ఒకటి రెండు నొక్కులు మెత్తగా ఉండాలి. మొదటిదే గట్టిగా ఉంటే వాక్యూమ్ నిలవట్లేదని అర్థం.

వాల్వు బయటికి తీశాక ఇంకా తేలిక. నోటితో ఊదండి. ఒక వైపు నుంచి గాలి పోవాలి, రెండో వైపు నుంచి అస్సలు పోకూడదు.

ఉప్పల్_లీనియా
ఓబీడీ యాప్‌లో (బండి కంప్యూటర్ అంకెలు చూపించేది) మ్యాప్ రీడింగ్, అంటే మేనిఫోల్డ్‌లోని గాలి పీడనం, చూస్తే మేనిఫోల్డ్ వాక్యూమ్ తెలిసిపోతుంది కదా? నా ఫియట్ లీనియా టీ-జెట్‌లో ఐడిల్‌లో 35 కిలోపాస్కల్స్ చూపిస్తుంది. దానికి ఇంత తతంగం ఎందుకు?

స్కానర్_సుధ
మీ బండిలో చూడొచ్చు, ఈ బండిలో కుదరదు. ఈ 1.8లో బూస్టు సెన్సర్ ఇంటర్‌కూలర్ వైపు, థ్రాటిల్‌కి ముందే ఉంటుంది. ఐడిల్‌లో అది బయటి గాలి పీడనమే చూపిస్తుంది. మేనిఫోల్డ్‌లో ఏముందో తెలియాలంటే ఒక చిన్న వాక్యూమ్ గొట్టంలో టీ పెట్టి గేజ్ తగిలించాలి.

మీ టీ-జెట్‌లో మాఫ్ ఉండదు, మ్యాప్ చూసే గాలి లెక్క కడుతుంది. కాబట్టి లీకుంటే లక్షణం కూడా వేరేలా వస్తుంది. దొంగగాలితో మ్యాప్ పెరుగుతుంది, కంప్యూటర్ ఆ గాలికీ పెట్రోల్ పోస్తుంది. లీన్ కోడ్ రాకుండానే ఐడిల్ పైకి పోయి కూర్చుంటుంది.

ఉప్పల్_లీనియా
నాకు ఐడిల్ ఈమధ్య 1,100 దగ్గరుంటోంది. ఏసీ వల్ల అనుకుంటున్నాను. ఈ చర్చ అయ్యాక నా సంగతి కూడా చూడండి.

గోదారోడు
గేజ్ ఎంత చూపిస్తే మంచిదండి? మా మెకానిక్ 20 అంగుళాలు (పాదరసం లెక్కలో) ఉండాలంటాడండి.

విశాఖ_టర్బో
మా వైజాగ్‌లో, మీ రాజమండ్రిలో సముద్రమట్టం దగ్గరే ఉన్నాం కాబట్టి 17 నుంచి 21 అంగుళాలు, ముల్లు కదలకుండా నిలబడాలి. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకీ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ 1,700 అడుగుల పైనే ఉంది. అక్కడ 17-18 ఉంటే బాగున్నట్టే. 20 రాలేదని ఇంజిన్ విప్పకూడదు.

రబ్బరుగొట్టం
గింత తిప్పల ఎందుకు, కార్బ్ క్లీనర్ డబ్బా తీస్కొని గొట్టాల మీద కొట్టు. రేసు మారిన కాడ లీకు. మా గల్లీల అందరు గట్లనే చేస్తరు.

జెర్సీ_పసాట్
దయచేసి ఆ పని వద్దు. నాదీ ఇదే కుటుంబం, 2003 పసాట్ 1.8టీ. ఇక్కడ న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనూ అలాగే కొట్టాను. ఒక చుక్క టర్బో దగ్గర పడింది. బుస్సుమని మంట లేచి తనంతట తానే ఆరింది. కనుబొమ్మల వెంట్రుకలు మాడిన వాసన నాకింకా గుర్తుంది. టర్బో హౌసింగ్ ఎంత వేడిగా ఉంటుందో దాని పక్కన నిలబడ్డవాడికి తెలుసు.

రబ్బరుగొట్టం
టర్బో ఎన్కకు ఉంటది గద, ఇంటేక్ ముంగట. ముంగట కొడితే ఏం గాదు.

జెర్సీ_పసాట్
నా బండిలో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, ఆయన బండిలో అడ్డంగా. ఒప్పుకుంటాను. అయినా ఫ్యాన్ తిరుగుతుంటే ఆవిరి ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? చల్లటి ఇంజిన్ మీద నీళ్ల స్ప్రే బాటిల్‌తో మంచులాగా కొట్టినా పెద్ద చీలికలు దొరుకుతాయి. నీళ్లు కన్నం మూసిన క్షణం "స్స్" ఆగుతుంది. వైర్ల కనెక్టర్ల మీద మాత్రం పడనీయకండి.

డీజిల్_దొర
ఎల్పీజీ గొట్టం పెట్టి చూస్తరని విన్న. గ్యాస్ పీల్చుకుంటే రేసు పెరుగుతదట.

స్కానర్_సుధ
వద్దు. మూసిన షెడ్డులో, వేడి ఇంజిన్ పక్కన గ్యాస్ వదలడం అసలు ఆలోచించాల్సిన పద్ధతే కాదు. పొగ మెషిన్ ఉన్న చోటికి తీసుకెళ్లండి, అరగంట పని.

ఈలోపు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో గొట్టాన్నీ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కిపట్టండి. మేనిఫోల్డ్‌కి దగ్గరగా నొక్కాలి. ఏ గొట్టం నొక్కితే ఊగడం ఆగుతుందో లీకు ఆ గొట్టానికి అవతల ఉంది. ఎండిన గొట్టాన్ని గట్టిగా నొక్కితే పగులుతుంది, జాగ్రత్త.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
చేశాను. పెడల్ పరీక్ష: స్టార్ట్ చేస్తే దిగుతోంది. కానీ ఆపి ఐదు నిమిషాలాగితే మొదటి నొక్కే గట్టిగా ఉంది.

ప్లయర్ పరీక్ష: సన్నవి నాలుగు నొక్కాను, మార్పు లేదు. బ్రేక్ గొట్టం నొక్కగానే ముల్లు మూడొంతులు కుదురుకుంది. పూర్తిగా మాత్రం ఆగలేదు, ఇంకా చిన్న వణుకు ఉంది. వాల్వు విప్పి చూశాను. తెల్ల సగం, నల్ల సగం అతికించిన ప్లాస్టిక్ ముక్క అది. అతుకు వెంట గోరు పడితే దూరేంత సందు. సెల్‌ఫోన్ లైటు ఒకవైపు పెడితే రెండో వైపు సన్నటి గీతలా వెలుగు కనిపించింది. ఊదితే రెండు వైపులా గాలి పోతోంది.

ఇంత చిన్న ముక్క. మా అమ్మ, పిల్లలు ఉన్న బండి ఆ రోజు దీని మీద ఆధారపడి నడిచింది. చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

విశాఖ_టర్బో
దొరికింది కదండీ, అదే పెద్ద మాట. ఐడిల్‌లో ఆ అతుకులోంచి గాలి పీల్చేది, బూస్టులో అదే దారిన బూస్టర్‌లోకీ బయటికీ పోయేది. రెండు లక్షణాలకీ అదే మూలం.

దానికి ఎంసీల్ పెట్టి అతికించే ఆలోచన మాత్రం చేయకండి. బ్రేక్ దారిలో అతుకులుండకూడదు. కొత్త వాల్వే కొనండి.

రబ్బరుగొట్టం
గొట్టం సంగతి నేను చెప్త. బ్రేక్ లైన్‌కు మామూలు నీళ్ల గొట్టం ఏస్తే వాక్యూమ్‌కు లోపటికి ముడుచుకుపోతది. లోపట దారం అల్లిక ఉన్నదే కావాలె. సన్న వాక్యూమ్ లైన్లకు సిలికాన్ బాగుంటది, ఎండకు పగలదు. కానీ పీసీవీ కాడ, ఆయిల్ ఆవిరి తగిలే కాడ సిలికాన్ ఎయ్యకు. నూనె పీల్చి ఉబ్బి మెత్తగైతది. ఆడ ఎఫ్‌కేఎం రబ్బరు అడుగు, పైసలు ఎక్కువైనా సరే. పాత గొట్టం ముక్క తెస్తే లోపటి కొలత చూసి ఇస్త, అందాజకు తీస్కోకు. 4 మిల్లీమీటర్ల నిపుల్‌కు 5 గొట్టం ఏసి జూబ్లీ క్లిప్పు బిగిస్తే ముడత పడి ఆన్నే లీకైతది.

అనంత_20వాల్వ్
ఇన్ని దినాలకు రాణిగంజ్ అన్న కార్బ్ క్లీనర్ వదిలి దారికొచ్చినాడు.

రబ్బరుగొట్టం
రబ్బరు మాట వస్తే నేను ఎప్పుడు దారిలనే ఉంట తమ్మీ.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
కొత్త వాల్వు, అల్లిక గొట్టం వేశాను. పెడల్ ఇప్పుడు అరగంట తర్వాత కూడా మెత్తగా ఉంది. గ్రూప్ 032 మొదటి గడి 9.4 నుంచి 5.1కి దిగింది. "స్స్" తగ్గింది, పోలేదు.

స్కానర్_సుధ
5.1 అంటే కోడ్ రాకపోవచ్చు, కానీ పని పూర్తి కాలేదు. ఇరవై ఏళ్ల బండిలో లీకు ఒంటరిగా ఉండటం అరుదు. నా అనుమానం పీసీవీ మీద. మేనిఫోల్డ్ కింద, ఆయిల్ ఫిల్టర్ పైన గుండ్రటి వాల్వు, దాని చుట్టూ వంకర గొట్టాలు ఉంటాయి. పై నుంచి చూస్తే కనబడవు. డిప్‌స్టిక్ గొట్టం పైన ప్లాస్టిక్ గరాటు ఉంటుంది, అదీ ఎండి చిట్లుతుంది. ఆయిల్ మూత రబ్బరు కూడా చూడండి. ఇవన్నీ క్రాంక్‌కేస్‌కి (ఇంజిన్ అడుగు పెట్టెకి) బయటి తలుపులే, అక్కడ దూరిన గాలి పీసీవీ దారిలో ఇంటేక్‌లోకే చేరుతుంది.

గోదారోడు
ఆయిల్ మూత తీస్తే ఇంజిన్ ఊగితే మంచిదని, ఊగకపోతే లీకుందని అంటారండి. నిజమేనా అండి?

స్కానర్_సుధ
ఈ ఇంజిన్‌లో చాలావరకు నిజం. మూత తీస్తే బయటి గాలి దూరి ఐడిల్ మారాలి. ఏ మార్పూ లేకపోతే అప్పటికే ఎక్కడో గాలి దూరుతోందనో, పీసీవీ పూడిపోయిందనో అనుమానించాలి. అయితే ఇది అనుమానానికే, తీర్పుకి కాదు.

జెర్సీ_పసాట్
పూడిపోవడం అంటే గుర్తొచ్చింది. మా ఆఫీసులో ఒకతను పాత వోల్వో టర్బో నడుపుతాడు. ఆయిల్ మూత తీసి అక్కడ రబ్బరు గ్లవ్ తొడిగాడు. గ్లవ్ చెయ్యి ఊపుతున్నట్టు నిలబడింది. అంటే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతోంది, ఆయిల్ ట్రాప్ పూడిపోయింది. ఆరోగ్యంగా ఉంటే గ్లవ్ లోపలికి లాక్కుంటుంది. లీకు, పూడిక రెండూ పీసీవీ జబ్బులే, వైద్యం మాత్రం వేరు వేరు.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
పొగ మెషిన్ ఉన్న చోటు దొరికింది గానీ వచ్చే వారం రమ్మన్నారు. ఇంట్లో సాంబ్రాణి పొగ వేసి గొట్టంలోకి ఊదితే కనబడదా?

విశాఖ_టర్బో
కనబడుతుంది, కానీ వద్దండి. సాంబ్రాణి బంక, నుసి లోపల సెన్సర్ల మీద, వాల్వుల మీద పేరుకుంటాయి. మెషిన్లలో మినరల్ ఆయిల్‌ని వేడి చేసి పొగ పుట్టిస్తారు, ఒత్తిడి కూడా 1 పీఎస్ఐ లోపే పెడతారు.

ఆగలేకపోతే గాలి పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు. మాఫ్ విప్పి, టర్బోకి వెళ్లే గొట్టం నోటికి సరిపడే పీవీసీ ఎండ్ క్యాప్ తీసుకోండి. దానికి కన్నం పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. ఆ మూతని గొట్టానికి క్లిప్పుతో బిగించి, టైర్లకి గాలి కొట్టే పంపుతో మెల్లగా 5 పీఎస్ఐ దాకా ఎక్కించండి. సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. పీసీవీ నుంచి ఆ గొట్టంలోకి వచ్చే కొమ్మని మాత్రం ముందే మూసేయాలి. లేకపోతే గాలంతా క్రాంక్‌కేస్‌లోకి పోయి ఆయిల్ సీల్ ఊడొచ్చు. పంక్చర్ షాపు కంప్రెసర్‌ని నేరుగా పెట్టొద్దు. అక్కడ ఒత్తిడి ఒక్క క్షణంలో చెయ్యి దాటిపోతుంది.

అనంత_20వాల్వ్
మూత ఎదురుగా మొహం పెట్టొద్దు కూకట్‌పల్లి అన్నా. క్లిప్పు జారితే బుల్లెట్ మాదిరి వస్తాది. పక్కన నిలబడి కొట్టు.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
ఆదివారం పొద్దున చేశాం. నేను, మా మేనల్లుడు. రెండు గంటలు పట్టింది.

4 పీఎస్ఐ దగ్గరే "స్స్" మొదలైంది. ఇంటర్‌కూలర్ గొట్టాల దగ్గర ఏమీ లేదు. మేనల్లుడు బండి కింద పడుకుని మేనిఫోల్డ్ అడుక్కి సబ్బునీళ్లు కొట్టాడు. "మామా, ఇక్కడ పొంగుతోంది" అన్నాడు. నేను అద్దం పెట్టి చూశాను. పీసీవీ గుండ్రటి వాల్వు పక్క వంకర గొట్టం. పైనుంచి చూస్తే నల్లగా నిక్షేపంలా ఉంది. కింద వైపు వేలు పెడితే వేలు లోపలికి దిగింది. నూనెలో నాని నాని అప్పడంలా మెత్తబడిపోయింది. చీలిక మూడు సెంటీమీటర్ల పొడవుంది. డిప్‌స్టిక్ గరాటు కూడా ముట్టుకోగానే ముక్కలైంది.

డైవర్టర్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు బూస్టు గాలిని మళ్లించేది) మీద కూడా ఒకటో రెండో బుడగలు వచ్చాయి. అది మార్చాలా?

అనంత_20వాల్వ్
డైవర్టర్ విప్పి చేతిలోకి తీసుకో. లోపలి పిస్టన్‌ని వేలితో పైకి నెట్టి, పైనున్న సన్న నిపుల్‌ని బొటనవేలితో మూసి, పిస్టన్‌ని వదిలేయ్. అక్కడే నిలబడితే డయాఫ్రం బాగుంది. జారి కిందికొస్తే చినిగింది.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
నిలబడింది! అంచు రబ్బరు తుడిచి పెట్టాను, బుడగలు ఆగాయి. అది మార్చట్లేదు.

పీసీవీ గొట్టానికి ముక్క పట్టుకుని రాణిగంజ్ వెళ్లాను. రబ్బరుగొట్టం అన్న చెప్పినట్టే ఎఫ్‌కేఎం తీసుకున్నాను. చాయ్ తాగకుండా పంపలేదు.

రబ్బరుగొట్టం
ఇంటికొచ్చినోన్ని చాయ్ లేకుంట ఎట్ల పంపుతం. ఆ గరాటు ఒరిజినల్‌దే తీస్కొమ్మన్న, తీస్కున్నవా?

కూకట్‌పల్లి_ఆర్ఎస్
తీసుకున్నాను అన్నా. డిప్‌స్టిక్ ఇప్పుడు బిగుతుగా దిగుతోంది.

డీజిల్_దొర
నాకొక డౌట్. నా ఇన్నోవాకు గూడ వాక్యూమ్ గొట్టాలున్నయ్. గ్రూప్ 032 లెక్క దాంట్ల గూడ చూడొచ్చా?

స్కానర్_సుధ
డీజిల్‌కి ఆ లెక్క వర్తించదు. పెట్రోల్ బండిలా థ్రాటిల్ మూసి వాక్యూమ్ పుట్టించే ఏర్పాటు దాంట్లో లేదు, అందుకే విడిగా వాక్యూమ్ పంపు పెడతారు. మీ పాత 2.5 ఇన్నోవాలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆల్టర్నేటర్ రిపేరు చేయించినప్పుడు ఆ పంపునీ దాని ఆయిల్ గొట్టాన్నీ చూడమనండి. బ్రేక్ గట్టిపడితే మీరు అక్కడి నుంచి వెతకాలి.

జెర్సీ_పసాట్
@కూకట్‌పల్లి_ఆర్ఎస్ కోడ్ చెరిపేసి ఊరుకోకండి. అడాప్టేషన్ రీసెట్ చేసి, కొన్ని రోజులు సిటీలోనూ ఖాళీ రోడ్డు మీదా నడిపి అప్పుడు అంకెలు చూడండి. ఇక్కడ ఇన్‌స్పెక్షన్‌లో ఓబీడీ తగిలించి చూస్తారు. కోడ్ చెరిపి వెంటనే వెళ్తే మానిటర్లు (బండి కంప్యూటర్ సొంతంగా చేసుకునే పరీక్షలు) సిద్ధంగా లేవని వెనక్కి పంపేస్తారు. నేను రెండు వారాలు నడిపాకే పాసయ్యాను. మీకు ఆ తనిఖీ లేకపోయినా, బాగైందో లేదో తేల్చేది ఆ నడకే.

కూకట్‌పల్లి_ఆర్ఎస్
తొమ్మిది రోజులైంది, 410 కిలోమీటర్లు. గ్రూప్ 032: మొదటి గడి 1.2, రెండో గడి 0.8. లైటు రాలేదు. జేఎన్టీయూ సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగాను, ముల్లు 800 దగ్గర గీసినట్టు నిలబడింది.

నిన్న తెల్లారి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఓఆర్ఆర్ ఎక్కాను. గట్టిగా తొక్కి వదిలి, వెంటనే బ్రేక్ మీద కాలు వేశాను. వెనకెవరూ లేకుండా చూసుకునే చేశాను, ఐదుసార్లు. ఐదుసార్లూ పెడల్ మెత్తగా దిగింది. తర్వాతే అమ్మని ఎక్కించుకున్నాను.

వాల్వు, గొట్టాలు, గరాటు, క్లిప్పులు, పీవీసీ మూత అన్నీ కలిపి 5,300 అయింది. మాఫ్ 14 వేలు దానికి బయట. పాత మాఫ్ ఉంచుకున్నాను. సుధ గారూ, అది బాగున్నట్టేనా?

స్కానర్_సుధ
పాతది పెట్టి ఒక రోజు నడిపి రెండు గడులూ చూడండి. ఇవే అంకెలు వస్తే అది బాగున్నట్టే, డబ్బాలో దాచుకోండి. కాగితంలో కాదు, మూత ఉన్న డబ్బాలో.

ఉప్పల్_లీనియా
ఇప్పుడు నా వంతు. ఏసీ ఆపినా ఐడిల్ 1,100 దగ్గరే ఉంది. మ్యాప్ 35 నుంచి 44కి వచ్చింది. బ్రేక్ బాగానే ఉంది, పరీక్ష చేశాను. ఆ పీవీసీ మూత ఎవరైనా ఇస్తారా?

కూకట్‌పల్లి_ఆర్ఎస్
నా దగ్గరుంది. మీ గొట్టం నోరు కొలిచి చెప్పండి, సరిపోకపోతే వచ్చేదారిలో ఇంకోటి కొంటాను. టైరు వాల్వు దీంట్లోంచి తీసి దానికి బిగిద్దాం. ఆదివారం ఏడింటికల్లా ఉప్పల్‌లో ఉంటాను, మేనల్లుణ్ణి కూడా తెస్తున్నాను. బండి రాత్రే ఆపేసి ఉంచండి, ఇంజిన్ చల్లగా ఉండాలి.